కడిగినా పోని పసుపు

మా అక్క కొడుకు పుట్టిన మూడో రోజు పొద్దున, వాడి ఒంటి మీది పసుపు ఎంత తుడిచినా పోలేదు.

తుడిచే పని నాది. సావిత్రమ్మత్త బిడ్డకు ఆముదం రాసి, శనగపిండిలో పసుపు కలిపి నలుగు పెట్టి, చాపిన కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తుంది. తడి తుడిచి, మెత్తటి గుడ్డలో చుట్టి, అక్క పక్కన పడుకోబెట్టేది నేను. బాలింత గదికి గాలి తగలకూడదని కిటికీకి పాత చీర కట్టారు. తలుపు దగ్గరగా వేసి ఉంటుంది. లోపల సాంబ్రాణి పొగ. ఆ మసక వెలుగులో బిడ్డను చూసిన ఆడవాళ్ళందరూ బంగారు బొమ్మలా ఉన్నాడనే అన్నారు.

మాకు అమ్మ లేదు. నేను ఐదో తరగతిలో ఉండగా పోయింది. అందుకే సుష్మక్క పురుడు చూసుకోవడానికి అక్క అత్తగారు సావిత్రమ్మే కుప్పం నుంచి మా ఊరికి వచ్చింది. మాది పుంగనూరు పక్కన చిన్న ఊరు. మా నాయన పాపన్న పాలకేంద్రంలో పని చేస్తాడు. పాలలో వెన్న ఎంత ఉందో మిషన్లో తిప్పి చూసి చెప్పేది ఆయనే. అక్కకు నొప్పులు అనుకున్నదానికంటే ముందే వచ్చి, పుంగనూరు ఆసుపత్రిలో కాన్పు అయింది. తల్లికీ బిడ్డకూ రక్తపరీక్షలు చేసేదాకా ఉండమని నర్సు చెప్పింది. మరునాడు అమావాస్య. ఆ రోజు బిడ్డను ఆసుపత్రి గడప దాటించకూడదని, ముందురోజే అత్త అందరినీ ఇంటికి తీసుకొచ్చేసింది.

ఆ పొద్దున నేను తెల్లటి గుడ్డ తడిపి బిడ్డ పొట్ట తుడిచాను. గుడ్డ పచ్చగా అయింది. ఇంకో గుడ్డతో తుడిస్తే లేతగా అంటింది. మరో గుడ్డ తెల్లగానే వచ్చింది. పొట్ట మాత్రం పచ్చగానే ఉంది. ముక్కు కొస మీద వేలితో మెల్లగా నొక్కి తీశాను. నొక్కినచోట పాలిపోయి, ఆ కింద నుంచి పసుపే కనిపించింది. అంతలో వాడు కళ్ళు తెరిచాడు. కంటి తెల్లగుడ్డు కూడా పచ్చగా ఉంది.

కంట్లో పసుపు ఎవరూ పెట్టరు.

పైగా వాడు రాత్రి నుంచి పాలకు సరిగా లేవలేదు. అక్క రొమ్ము నోటికి అందించినా పెదవులు కదిపి నిద్రలోకి జారిపోతున్నాడు. మంచిపిల్లోడు, ఏడవడం లేదని అత్త మురిసిపోయింది.

నేను సంగతి చెప్పాను. అత్త నా వైపు చూడకుండానే నవ్వింది.

"పసుపు పెట్టిన బిడ్డ పచ్చగా కాకపోతే నల్లగా ఉంటాడా? ఇంటర్లో సేరినావో లేదో డాక్టరమ్మవయి పోయినావు. గమ్మునుండు."

నేను గమ్మునుండే మనిషినే. బడిలో సారు హాజరు పిలిచినప్పుడు నేను పలికినా ఆయనకు వినిపించక ఎన్నోసార్లు ఆబ్సెంటు వేశాడు. నా గొంతు మూడో బెంచీ దాకా పోదని అందరూ ఆటపట్టించేవాళ్ళు. మాట్లాడాల్సినవన్నీ రాత్రి డైరీలో రాసుకుని పడుకునేదాన్ని. కానీ ఇది రాసుకుని పడుకునే సంగతి కాదు. బిడ్డ చెయ్యి ఎత్తి వదిలితే గుడ్డపేలికలా పడిపోతోంది.

మంచం మీద నుంచి అక్క నన్నే చూస్తోంది. ఆ చూపులోనే ఉంది అంతా. నేను బిడ్డను గుడ్డల్లో చుట్టి, వాడిని తుడిచిన ఆ గుడ్డలు కూడా తీసుకుని లేచాను.

అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది. పదకొండో రోజు పురిటి నీళ్ళు పోసేదాకా బిడ్డ గడప దాటకూడదు. గాలీ ధూళీ సోకుతుంది. కుప్పంలో తన చేతుల మీద ఎందరో బిడ్డలు పెరిగారని, ఏ ఒక్కరినీ ఇట్లా బయటికి తీయలేదని చెప్పింది. ఆఖరికి గొంతు పెంచింది.

"దాటించినాక ఏమన్నా అయితే జవాబు ఎవురు సెప్తారు?"

"నేను సెప్తాను" అన్నాను.

ఆమె చెయ్యి కింద నుంచి వంగి బయటికి వచ్చేశాను. నాయన పనికి బయలుదేరుతూ వాకిట్లో బండి తుడుస్తున్నాడు. నేను ఏమీ చెప్పకుండా ఆ గుడ్డలు ఒకదాని పక్కన ఒకటి అరుగు మీద పరిచాను. ఒకటి పచ్చగా, ఒకటి లేతగా, ఒకటి తెల్లగా. తర్వాత బిడ్డ పొట్ట మీది గుడ్డ తీసి ఎండలోకి పట్టాను. నాయన రోజంతా గాజు గొట్టాల్లో గీతలు చూసి చూసి అలవాటైన మనిషి. గుడ్డల వైపు చూశాడు, బిడ్డ వైపు చూశాడు, వంగి కళ్ళు చూశాడు. తుడుస్తున్న గుడ్డ కింద పడేసి ఆటో కోసం పోయాడు.

అక్క తలకు గుడ్డ చుట్టుకుని తనే నడిచి వచ్చి ఆటో ఎక్కింది. సావిత్రమ్మత్త శాపాలు పెడుతూనే ఆఖరి నిమిషంలో చెప్పులు కూడా లేకుండా ఎక్కి, బిడ్డను తన ఒళ్ళోకి లాక్కుంది. గాలి తగలకుండా కొంగు కప్పింది.

పుంగనూరులో డాక్టరు ఒక్కసారి చూసి, ఆలస్యం చేయకుండా మదనపల్లెకు తీసుకుపొమ్మని ఆంబులెన్సు ఎక్కించాడు.

మదనపల్లెలో మేము పోయింది క్రైస్తవ మిషన్ వాళ్ళ పాత ఆసుపత్రికి. బిడ్డను వెంటనే నీలం లైటు కింద పడుకోబెట్టి కళ్ళకు గంతలు కట్టారు. వాడి మడమ కన్నా పెద్దగా కనిపించే సూదితో రక్తం తీశారు. అక్క రక్తం కూడా తీశారు. ఆ గొట్టాలు ల్యాబుకు ఇచ్చి రమ్మని నర్సు నా చేతికి ఇచ్చింది. అక్కడ ఎవరి మనుషుల రక్తం వాళ్ళే మోసుకుపోతారు. వరండా చివరిదాకా నడుస్తుంటే బిడ్డ రక్తం నా పిడికిట్లో ఇంకా వెచ్చగా ఉంది.

ల్యాబులో ఉన్నావిడ పేరు జయశీల. నెరిసిన జుట్టు, తెల్లకోటు, మెడలో సన్నటి శిలువ గొలుసు. గొట్టాల మీది పేర్లు చదివి, బిడ్డకు ఎన్నాళ్ళని అడిగింది. చెప్పాను. వినపడలేదంది. మళ్ళీ చెప్పాను. ఆవిడ ఇంకేమీ అడగకుండా చేతిలో పని పక్కన పెట్టి మా గొట్టాలు తీసుకుంది. నేను అద్దాల కిటికీ దగ్గరే నిలబడ్డాను. బెంచీ మీద కూర్చోమని ఒకసారి చెప్పింది. నేను కదలకపోతే కాసేపటికి, ముట్టుకోకుండా నిలబడే పనైతే లోపలికి రమ్మంది.

ముందు రక్తం గ్రూపులు చూసింది. అక్కది ఓ నెగెటివ్. బిడ్డది ఓ పాజిటివ్. ఆ రెండు మాటలు వినగానే పదో తరగతి పాఠంలో చదివింది ఏదో గుర్తుకొచ్చింది కానీ పూర్తిగా రాలేదు. తర్వాత బిడ్డ రక్తం ఒక్క చుక్క చిన్న గాజు గొట్టంలో వేసి, దాన్నిండా ఉప్పునీళ్ళు పోసి, గుండ్రంగా తిరిగే మిషన్లో పెట్టింది. అది మా నాయన పాలకేంద్రంలో తిప్పే మిషన్ లాంటిదే. చప్పుడు కూడా అదే. ఆగాక పైనున్న నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉప్పునీళ్ళు పోసి, మళ్ళీ తిప్పింది.

ఎందుకు అన్నిసార్లు కడుగుతున్నారని అడిగాను. ఆ రోజు నేను నాకై నేను అడిగిన మొదటి ప్రశ్న అదే.

"ఇవి మీ బిడ్డ ఎర్రకణాలు" అంది జయశీల మేడం. "మీ అక్క ఒంట్లో పుట్టిన ప్రతిరక్షకాలు వీటి పైన అతుక్కుని ఉండాయేమో సూడాల. అవి ప్రోటీన్లు, కంటికి ఆనవు. కడిగితే సుట్టూ ఊరికే తేలేటివి పోతాయి. అతుక్కున్నేటివి పోవు."

"సరిగా కడక్కపోతే?"

"అట్లయితే నేను వేసే రసాయనాన్ని ఆ తేలేటివే మింగేస్తాయి. కణాల మీద ఉన్నా గానీ ఏమీ లేనట్టు సూపిస్తాది. మనం బిడ్డను ఇంటికి పంపించేస్తాము."

పొద్దున నేను అరుగు మీద పరిచిన గుడ్డలు గుర్తొచ్చాయి. ఆ మాట చెప్పాను. పసుపు పోయేదాకా తుడిచి చూశానని. ఆవిడ తల ఎత్తి నన్ను మొదటిసారి సరిగా చూసింది. ఇంకొంచెం దగ్గరగా నిలబడమన్నట్టు జరిగింది.

కడగడం అయ్యాక ఒక సీసాలోంచి రసాయనం వేసింది. కణాల మీద ఆ ప్రోటీన్లు ఉంటే, ఇది వాటిని పట్టుకుని కణాన్నీ కణాన్నీ ముడేస్తుందట. పక్కనే ఇంకో గొట్టం పెట్టింది. అందులో ఏ జబ్బూ లేని రక్తం, పోల్చి చూడటానికి. రెండూ మిషన్లో తిప్పి తీసి, వెలుగుకు ఎదురుగా పట్టుకుని వేలితో మెల్లగా తట్టింది. జబ్బు లేని గొట్టంలో అడుగున ఉన్న ఎరుపు అగరొత్తి పొగలా లేచి నీళ్ళలో కలిసిపోయింది. మా బిడ్డ గొట్టంలో ఎరుపు లేవలేదు. అడుగు నుంచి ఒక్క ముద్దగా ఊడి, ముద్దగానే అటూ ఇటూ దొర్లింది.

నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

మేడం ఫోను తీసి పైన డాక్టరుకు చెప్పింది. పెట్టేశాక నన్ను అడిగింది, అక్కకు ఇంతకుముందు కాన్పు గానీ, రక్తం ఎక్కించడం గానీ జరిగిందా అని. లేదు, ఇదే మొదటిది అన్నాను.

"మొదటి బిడ్డకు ఇంత గట్టిగా రావడం అరుదు. ముందెప్పుడో ఒకసారి పాజిటివ్ రక్తం మీ అక్క రక్తంలో కలిసి ఉండాల. కలిసినప్పుడే ఒంట్లో ఇవి తయారవతాయి. మీ అక్కను అడుగు. నాకు సెప్పొద్దు, డాక్టరుకు సెప్పండి. రాబోయే బిడ్డలకు కావాల్సిన సంగతి."

వార్డుకు వచ్చేసరికి డాక్టరు అదే ప్రశ్న అక్కను అడుగుతోంది. అక్క నోరు తెరవకముందే సావిత్రమ్మత్త, మా ఇంట్లో అట్లాంటివేమీ లేవు, తొలిచూలే అని చెప్పేసింది. అక్క దుప్పటి అంచు చూస్తూ కూర్చుంది. ఆ ముఖం నాకు తెలుసు. అమ్మ పోయిన రోజు కూడా అక్క అట్లాగే ఒక అంచు పట్టుకుని కూర్చుంది.

నేను మంచానికీ అత్తకూ మధ్యకు పోయి నిలబడ్డాను. జయశీల మేడం నాకు చెప్పినదంతా అక్కకు చెప్పాను. తల్లి రక్తంలో పుట్టినవే బిడ్డ కణాలకు అతుక్కుని వాటిని పగలగొడుతున్నాయని, అందుకే ఈ పసుపని, నా కళ్ళతో ముద్ద చూశానని. అది అక్క తప్పు కాదని. ఏమీ కాలేదంటే బిడ్డకు మనం అబద్ధం చెప్పినట్టేనని.

అక్క అప్పుడు డాక్టరు వైపు తిరిగి చెప్పింది. పెళ్ళయిన ఏడాదిలోనే కుప్పంలో నాలుగో నెల కడుపు పోయింది. ఇంట్లోనే జరిగిపోయింది. అప్పుడు ఆడపడుచుకు సంబంధం కుదురుతోంది. ఇంట్లో కడుపు నిలవలేదని తెలిస్తే మంచి శకునం కాదంటారని అత్త ఎవరికీ చెప్పనివ్వలేదు. ఆసుపత్రికి పోలేదు. మాకూ చెప్పలేదు.

"అప్పుడే ఆ పిండం రక్తం ఈమె రక్తంలో కలిసి ఉంటుంది. ఆ పొద్దే వచ్చి ఒక ఇంజెక్షను వేయించుకుని ఉంటే బహుశా ఇది వచ్చేది కాదు" అంది డాక్టరు. కోపంగా కాదు, అలిసిపోయినట్టు.

అత్త గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. ఆ రోజు అక్కకు వేడినీళ్ళు కాచిందీ, గుడ్డలు ఉతికిందీ, తెల్లవార్లూ పక్కన కూర్చున్నదీ తనేనని ఎవరికో చెబుతున్నట్టు చెప్పుకుంది. అది నిజమేనని అక్క తల ఊపింది.

ఆమె మీద నాకు జాలి కలగబోయింది. అంతలో డాక్టరు రెండో మాట చెప్పింది. లైటుకు కామెర్లు తగ్గడం లేదు, పెరుగుతున్నాయి. మెదడుకు ఎక్కితే బిడ్డకు వినికిడి పోవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. బిడ్డ ఒంట్లోని రక్తం కొంచెం కొంచెంగా తీసేస్తూ వేరే రక్తం ఎక్కించాలి. ఓ నెగెటివ్ రక్తం బ్లడ్ బ్యాంకులో ఒక సంచి ఉంది. సంతకం పెట్టాలి.

అత్త లేచి నిలబడింది.

"మా బిడ్డ ఒంట్లోంచి మా రక్తం తీసి పారేసి, ఊరూ పేరూ లేనోళ్ళ రక్తం పోస్తారా? వాడింక మావోడెట్ల అవతాడు?"

ఆ రక్తం ఎవరిదని అడిగింది. ఎవరిదో చెప్పరని నర్సు అంది. ఏ మనుషులదో కూడా తెలియకుండానా అని అత్త ఫోను తీసి బిడ్డ తండ్రి మునికుమార్ బావకు చేసింది. బావ కుప్పంలో గ్రానైట్ ఫ్యాక్టరీ నుంచి అప్పుడే బయలుదేరాడు. తను వచ్చేదాకా ఎవరూ ఏమీ చేయొద్దన్నాడు. ఫోను స్పీకరులో ఉంది కాబట్టి అందరం విన్నాము. కుప్పం నుంచి పలమనేరు మీదుగా, పుంగనూరు దాటి రావాలి. డాక్టరు తల అడ్డంగా ఊపింది. అంత టైము లేదు.

నాయన నా వైపు చూశాడు. చిన్నప్పటి నుంచి నేనే నాయన వైపు చూసేదాన్ని.

తల్లి సంతకం సరిపోతుందా అని నేను డాక్టరును అడిగాను. సరిపోతుందంది. పెన్ను అక్క చేతిలో పెట్టాను. అత్త నా మణికట్టు పట్టుకుంది. మొగోడు లేకుండా, తండ్రి లేకుండా, పిల్లకాకివి నువ్వు తీర్పు చెబుతావా అంది.

"వాడు బతికితే గదా అత్తా, ఎవురోడో మనం తేల్చుకునేది."

పక్క మంచాల వాళ్ళు కూడా తిరిగి చూశారు. నా గొంతు అంత దూరం పోతుందని నాకూ అప్పుడే తెలిసింది. అత్త చెయ్యి వదిలేసింది. అక్క సంతకం పెట్టింది.

నేను మళ్ళీ ల్యాబుకు పరిగెత్తాను. జయశీల మేడం సంచిలోని రక్తం అక్క రక్తంతో కలిపి చూసింది. మళ్ళీ అదే ఉప్పునీళ్ళు, అదే మిషను, అదే తట్టడం. ఈసారి ఎరుపు పొగలా లేచింది. మేడం ఊపిరి వదిలింది. నేనూ వదిలాను. ఓ నెగెటివ్ ఇంకా కావాల్సి వస్తే ఎవరెవరు ఉన్నారో చూద్దామని మా అందరి గ్రూపులూ చూసింది. నాయనది పాజిటివ్. నాది అక్కదే, ఓ నెగెటివ్. నాకు పద్దెనిమిది నిండలేదు కాబట్టి నా రక్తం తీసుకోరట. మనసుకు కష్టమైంది.

బావ వచ్చేసరికి చీకటి పడింది. అప్పటికి రక్తం మార్చడం అయిపోయింది. బిడ్డ నీలం లైటు కింద కాళ్ళు తన్నుకుంటూ, రాత్రి నుంచి ఏడవనిదంతా కలిపి ఏడుస్తున్నాడు. బావ ముందు నా మీదికే వచ్చాడు. తన మాట లేకుండా ఎవరు చేయమన్నారని అడిగాడు. నేను చేయమన్నాను అన్నాను. ఇంకేదో అనబోయి, అద్దం అవతల బిడ్డ ఏడుపు విని ఆగిపోయాడు. కాసేపటికి అక్క మంచం పట్టె మీద కూర్చుని, కడుపు పోయిన రోజు తను ఆసుపత్రికి తీసుకుపోయి ఉండాల్సిందని తల వంచుకుని అన్నాడు.

తర్వాత బిడ్డ పాలు తాగాడు. ఇంటికి పోవచ్చని చెప్పిన రోజున అత్త నన్ను వరండా చివరికి పిలిచింది. కుప్పం వెళ్ళి వచ్చింది, కాళ్ళకు చెప్పులు, ఒంటి మీద కొత్త చీర. ముఖం మాత్రం కొంచెం మెత్తబడింది.

"నీ గ్రూపు సంగతి ఎవురికీ సెప్పొద్దు పాపా. పెండ్లి కావాల్సిన పిల్లవి. ఊరోళ్ళ నోట్లో ఎందుకు పడాల?"

ఆమె నా మంచికే చెప్పింది. అక్కకు కూడా అట్లాగే మంచికే చెప్పి ఉంటుంది.

ఇంటికి వచ్చాక మొదట చేసిన పని బాలింత గది కిటికీకి కట్టిన చీర విప్పడం. ఎండ లోపలికి పడింది. బిడ్డకు పసుపు లేకుండా వట్టి నీళ్ళు పోశాను. అత్త పక్కనే నిలబడి చూసింది, వద్దనలేదు. వాడు నిజంగా ఏ రంగులో పుట్టాడో ఆ రోజే అందరం చూశాము. నాయన రంగే, చామనచాయ.

సాయంత్రం కొళాయి దగ్గరి ఆడవాళ్ళంతా వచ్చి అరుగు ముందు నిలబడ్డారు. బిడ్డకు ఏమైందట, రక్తమంతా మార్చారట, నిజమేనా అని. అత్త ముందుకు వచ్చి, ఏదో కామెర్లంట, తగ్గిపోయినాది అని మొదలుపెట్టింది. నేను బిడ్డను ఎత్తుకుని గడప దాటి బయటికి వచ్చాను.

"కామెర్లు ఊరికే రాలేదు. మా అక్కకు ముందొకసారి కడుపు పోయినాది. అప్పుడు ఆసుపత్రికి పోకుండా దాసిపెట్టినందుకు వచ్చినాది. మా అక్కది నెగెటివ్ రక్తము. అది జబ్బు కాదు, తప్పు కాదు. నాది కూడా ఓ నెగెటివే. నాకు సంబంధం తెచ్చేటోళ్ళు ఆ మాట ముందే సెప్పి తెండి. మీ ఇండ్లల్లో కడుపుతో ఉండేటోళ్ళు ఏ గ్రూపో కనుక్కోండి."

అత్త గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరికన్నా వెనక, కొళాయి గట్టు మీద బిందె పెట్టుకుని నిలబడిన సుబ్బలక్ష్మమ్మవ్వ, ఆ పిల్ల ఏమంటాండాది, నాకు వినపడలా అంది.

నేను బిడ్డను భుజం మీదికి మార్చుకుని, అంతా మొదటి నుంచి మళ్ళీ చెప్పాను.